బోర్లించిన పళ్లేలు

“రేపు తింట పెద్దమ్మా.”

“రేపు శనివారం గదనే బిడ్డా.”

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. స్వరూప వంటింటి గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు తాగింది, గ్లాసు గట్టు మీద పెట్టింది, నవ్వింది. నవ్వితే పళ్ళు కనిపించాయి గానీ బుగ్గలు కదల్లేదు. కదలడానికి అక్కడ బుగ్గలు లేవు. బయట ఆఫీసు బస్సు హారన్ కొట్టింది. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు శుక్రవారం, ఆ పిల్లకు ఒక్కపొద్దు. మర్నాడు శనివారం, అదీ ఒక్కపొద్దే. ఆ సంగతి తనకు తెలుసు, నాకూ తెలుసు.

నేను యాదమ్మను. మాదాపూర్‌లో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్లో వంట చేశాను. చేతులు వణకడం మొదలయ్యాక మానేశాను. నా తమ్ముడి కూతురు సుజాత ఇప్పుడు నల్లగండ్లలో ఒక బిల్డింగు లీజుకు తీసుకుని హాస్టల్ పెడుతోంది. “నువ్వు చేసిన పని గురించి చెప్పత్తా, నా దగ్గరికి వంటకొచ్చేటోళ్ళకు పనికొస్తది” అంది. సాంబారులో పప్పు ఎంత, ఇంతమందికి ఉప్పు ఎంత అని చెబుతాననుకుంది పాపం. అవి ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతాను, తను రాస్తుంది. నా మాటను పుస్తకం మాటగా మార్చి రాస్తానంది, సరే అన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం మార్చొద్దన్నాను.

పక్కవాళ్ళ కళ్ళు

మాది మెదక్ దిక్కు. నా మొగుడు బండలు పగలగొట్టే పనికి ఇక్కడికి వచ్చాడు. అప్పట్లో హైటెక్ సిటీ అంటే బండలే. గుండ్రటి పెద్ద బిల్డింగు ఒక్కటి కొత్తగా లేచి నిలబడింది, చుట్టూ గుట్టలు, మధ్యలో మట్టి రోడ్డు. ఒకరోజు బండ జారి ఆయన మీద పడింది. ఆ చావు గురించి ఇక్కడ చెప్పను. దాని తర్వాత నా తిండి గురించి చెబుతాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదానికి మొదలు అక్కడుంది.

హఫీజ్‌పేటలో రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం నాకు మటన్ కూర తినాలనిపించింది. మొగుడు పోయిన ఆడది మాంసం ముట్టకూడదన్న పట్టింపు మా కులంలో లేదు. కొంచెం తెచ్చి వండుకున్నాను. వాసన గోడ దాటింది. పక్కగది ఆమె గుమ్మంలోకి వచ్చింది, గిన్నెలోకి తొంగి చూసింది. “మంచిగ తిను అక్కా, ఇగ అడిగేటోడు లేడు గద” అంది. తిట్టలేదు, కోపంగా కూడా అనలేదు. ఆ కూర నా గొంతు దిగలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆదివారం వస్తే కారం మెతుకులే తిన్నాను. నన్ను తినొద్దని ఎవరూ అనలేదు. ఒకసారి నా గిన్నెలోకి చూశారు, అంతే.

మనిషి తన ఆకలిని బట్టి తింటాడనుకుంటాం. కాదు. పక్కవాళ్ళ కళ్ళు ఎంత తిననిస్తే అంత తింటాడు. వయసు పిల్లలైతే మరీను. వంట పనికి వచ్చేవాళ్ళు గరిటె పట్టుకునేముందు తెలుసుకోవలసింది ఇది.

ఇనుప అర

మొగుడు పోయాక నాకు మాదాపూర్ హాస్టల్లో పని దొరికింది. హాస్టల్ ఓనరు ఆ ఊరివాడే, పొలం అమ్మి మూడంతస్తులు లేపాడు. వార్డెన్ సుభద్ర మేడం గుంటూరు దిక్కు నుంచి వచ్చింది. అంతకుముందు బడిలో టీచరట. పిల్లలకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసేది. చెడ్డ మనిషి కాదు. నేను చెప్పబోయేదాంట్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే నాకు ఇంత చెప్పే పని ఉండేది కాదు, ఆ చెడ్డవాణ్ణి చూపించి ఊరుకునేదాన్ని.

చేరేటప్పుడు ప్రతి పిల్లా ఇంటి నుంచి స్టీలు పళ్లెం, గ్లాసు తెచ్చుకోవాలి. మన ఇళ్ళలో స్టీలు సామాను మీద పేరు చెక్కిస్తాం కదా, అన్నిటి మీదా అలా పేర్లుండేవి. కొన్నిటి మీద పిల్ల పేరు, కొన్నిటి మీద వాళ్ళ నాయనమ్మ పేరు, ఎవరి పెళ్ళిలోనో పంచిన పళ్లెమైతే ఆ పెళ్ళివాళ్ళ పేరు. వంటింటి బయట గోడకు ఇనుప అర ఉండేది. పళ్లేలన్నీ అందులో నిలబెట్టేవాళ్ళం.

సుభద్ర మేడం ఒక పద్ధతి పెట్టింది. ఒక్కపొద్దు ఉన్న పిల్ల పొద్దున ఆఫీసుకు పోయేటప్పుడు తన పళ్లేన్ని అర మీది పలకపై బోర్లించి పోవాలి. బోర్లించినవి చూసుకుని నేను బియ్యం తక్కువ పోస్తాను. అన్నం పారేసే పని లేదు, ఎవరినీ అడిగే పని లేదు. మంచి పద్ధతి అనుకున్నాం అందరం. ఎవరినీ అడిగే పని లేకపోవడం మంచిది కాదని తర్వాత తెలిసింది.

ముందు నిలబడే పిల్ల

వడ్డించేటప్పుడు లైను చూడండి. ముందు నిలబడ్డ పిల్ల సగం గరిటె చాలంటే వెనక ఉన్నవాళ్ళందరికీ సగం గరిటే చాలు. ముందు పిల్ల కూర రెండోసారి అడిగితే వెనక నుంచి కూడా గిన్నెలు చాస్తారు. నేను ఇది రోజూ చూశాను. ఆకలి అందరికీ ఒకేలా ఉండదు కదా, పళ్లేలు మాత్రం ఒకేలా ఉండేవి.

మా హాస్టల్లో మాధవి అని విజయవాడ పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఇంగ్లీషు గలగలా మాట్లాడేది. మిగతావాళ్ళు ఆమె చున్నీ ఎలా వేసుకుంటే అలా వేసుకునేవాళ్ళు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, “యాదమ్మగారూ, రాత్రికి నాకు అన్నం వద్దండి, రెండు పుల్కాలు చాలు. అన్నం తింటే పొట్టొస్తుందండి” అంది. చేసిపెట్టాను. కొద్ది రోజుల్లో ఆమె కూర్చునే బల్ల మీద అందరికీ పుల్కాలే. ఒక ఖమ్మం పిల్లకు పుల్కా అంటే పడదు, మజ్జిగలో ముంచి మింగేది. “అన్నం పెట్టనా బిడ్డా?” అన్నాను. “వద్దమ్మా, అందరూ ఇదే తింటున్నరు గద” అంది.

అప్పుడు వచ్చింది స్వరూప. మిర్యాలగూడ పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ బియ్యం మిల్లులో పని చేస్తాడు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో అప్పుడు కొత్త పని ఒకటి వచ్చింది, అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పింది చెవుల్లో పెట్టుకుని విని టైపు కొట్టడం. స్వరూపకు, మాధవికి, ఇంకా కొందరికి అదే ఆఫీసు, ఒకటే బస్సు.

ఆ పిల్ల తింటుంటే చూడాలి. అన్నం కుప్పగా పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి, అందులో పచ్చిపులుసు పోయించుకుని, ఉల్లిపాయ ముక్క వేళ్ళతో వెతుక్కుని తినేది. “పెద్దమ్మా, ఇంకింత పొయ్యి” అని రెండోసారి వచ్చేది. సుభద్ర మేడం కనిపెట్టింది. “యాదమ్మా, రేపట్నుంచి ముందు స్వరూపకి పెట్టు. దాన్ని చూస్తే జ్వరమొచ్చినవాళ్ళకి కూడా ఆకలేస్తుంది” అంది. ముందు నిలబెట్టాం. మేడం అన్నట్టే అయింది. ఆ కొన్నాళ్ళు అన్నం గిన్నె అడుగు గీకవలసి వచ్చేది.

మేడం తెలివి మంచిదే. కానీ ఒక పిల్ల పళ్లేన్ని అందరికీ చూపించి మిగతావాళ్ళకు ఆకలి తెప్పించకూడదు. అందరూ చూసే పళ్లెం ఎక్కువ రోజులు నిండుగా ఉండదు.

రైసు మిల్లు

స్వరూపకు ఆ పేరు మాధవే పెట్టింది. లైన్లో వెనక నుంచి, “రైసు మిల్లు స్టార్టయిందా యాదమ్మగారూ?” అంది. అందరూ నవ్వారు. స్వరూప అందరికంటే ఎక్కువ నవ్వింది. “మిల్లుల పుట్టిన, బియ్యం గాక రాళ్ళు తింటనా” అని పళ్లెం చాచింది. నేనూ నవ్వాను. అందులో నవ్వకూడనిది ఏముంది?

ఆ పేరు హాస్టల్లో ఆగిపోతే ఏమయ్యేదో తెలియదు. బస్సెక్కి ఆఫీసుకు పోయింది. అక్కడ క్యాంటీన్‌లో అందరూ బల్లల చుట్టూ కూర్చుని డబ్బాలు విప్పుతారట. మాధవి బల్ల వాళ్ళవి అరచేయంత డబ్బాలు. స్వరూపది మూడు గిన్నెల క్యారియర్, వాళ్ళమ్మ కొనిచ్చింది. ఆఫీసు మగపిల్లవాడు ఒకడు ఆ క్యారియర్‌ను ఒక చేత్తో ఎత్తి, బరువు తూచినట్టు చేసి, “మిల్లు లోడ్ వచ్చింది” అన్నాడట. ఆ రోజు క్యారియర్ మూత విప్పకుండా తిరిగొచ్చింది.

“ఏమయిందే?”

“ఆకలి కాలేదు పెద్దమ్మా.”

మర్నాడు “ఒక్క గిన్నె చాలు” అంది. తర్వాత లైన్లో ముందు నిలబడనంది. ఎవరో వెనక్కి పిలిచినట్టు వెనక్కి, వెనక్కి జరిగి ఆఖరికి పోయింది. ఆఖరున నిలబడ్డ పిల్ల పళ్లెం ఎవరూ చూడరు. నాకు తప్ప కనిపించదు. అక్కడ కూడా, “కొంచెమే పెద్దమ్మా, కొంచెమే” అని అరచెయ్యి అడ్డం పెట్టేది.

భక్తి

ఊరికే తినకపోతే పదిమంది అడుగుతారు. ఒంట్లో బాగాలేదా, ఇంటి మీద బెంగా, ఎవరైనా ఏమన్నారా అని ప్రాణం తీస్తారు. ఒక్కపొద్దు అంటే ఎవరూ అడగరు. పైగా మెచ్చుకుంటారు. ఇది మన దగ్గర ఉన్న గుణం. ఆకలితో ఉన్న మనిషికి కూడా మొక్కు అనే మాట తొడిగితే చేతులు జోడిస్తాం.

మాధవి బల్ల వాళ్ళకు శుక్రవారం ఉపవాసాలుండేవి. స్వరూప శనివారం మొదలుపెట్టింది, వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నానంది. మాధవి ఆమెను తమ బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. రైసు మిల్లు అన్న పేరు ఆగిపోయింది. మెట్ల కింద ఖాళీ జాగాలో సుభద్ర మేడం దేవుడి పటాలు పెట్టించింది. అక్కడ రోజూ దీపం పెట్టే పని స్వరూప తీసుకుంది. “చూడండే, ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి” అని మేడం అందరిముందూ అంది. మళ్ళీ ఆ పిల్లనే ముందు నిలబెట్టాం. ఈసారి తిననందుకు.

పోను పోను సోమవారం చేరింది, శివుడికి. గురువారం చేరింది, బాబాకు. శుక్రవారం ఎలాగూ ఉంది. మిగిలిన రోజుల్లో నేను అడిగితే ఆఫీసులో తిన్నానంది. ఆఫీసులో అడిగితే హాస్టల్లో తిని వచ్చానందట. అది నాకు అంతా అయిపోయాక తెలిసింది.

ఓనరు ఒకరోజు అర ముందు నిలబడి బోర్లించిన పళ్లేలు చూసి సంతోషపడ్డాడు. “యాదమ్మా, మన హాస్టల్ల భక్తి మంచిగ పెరుగుతున్నది. బియ్యం గూడ మిగులుతున్నయి. దేవుడు మన దిక్కు చూస్తున్నడు.” భోజనాల గదిలో ఇంకో రెండు పటాలు కొట్టించాడు.

మా అమ్మ జీవితమంతా ఒక్కపొద్దులు ఉంది. పగలంతా పని చేసి, పొద్దుగూకాక తానం చేసి, దీపం పెట్టి, కడుపునిండా తినేది. ఒక్కపొద్దంటే ఒక పూట తినడం. అందులో తిండి ఉంది. ఈ పిల్ల ఎప్పుడు విడుస్తుందో నాకు కనిపించలేదు. ఒక సోమవారం ఆమె పళ్లెం తిప్పి, అన్నం పెట్టి, వంటింట్లోకి పిలిచాను.

“ఇయ్యాల ఒక్కపొద్దు పెద్దమ్మా.”

“ఒక్కపొద్దన్న తినాలె గదనే. పొద్దటి సంది ఏం తిన్నవు?”

“ఆఫీసుల పండు తిన్న.”

“ఏం పండు?”

ఆలోచించింది. తిన్న పండు పేరు చెప్పడానికి అంత ఆలోచన ఎందుకు పట్టాలి?

“కూసో. రెండు ముద్దలు తిను.”

“మొక్కు చెడగొడితె నీకు పాపం తగుల్తది పెద్దమ్మా. నన్ను బలవంతం పెట్టకు.”

ఆ మాటకు మన ఆడవాళ్ళలో ఎవరి చెయ్యైనా ఆగుతుంది. నాదీ ఆగింది. మొక్కు మధ్యలో తినిపిస్తే ఏమవుతుందోనని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోసిన భయం ఒకటి ఉంటుంది. ఆ భయాన్ని ఆ పిల్ల బాగా పట్టుకుంది. ఆకలి కంటే అది బలమైనదని దానికి తెలిసిపోయింది.

నాన్న తెచ్చిన బియ్యం

వాళ్ళ నాన్న ఒకసారి వచ్చాడు. భుజం మీద చిన్న సంచి. చొక్కా కుట్లలో తవుడు. నేరుగా వంటింటి వెనక గుమ్మానికి వచ్చి సంచి దించాడు.

“అక్కా, ఇయి పాత బియ్యం. పొడిపొడిగ అయితది. మా బిడ్డకు ఇయ్యే వండిపెట్టు. చిన్నప్పుడు ఉడుకుడుకు మెతుకులు ఉత్తయే నోట్లేసుకునేది.”

వేరే గిన్నెలో వండాను. గది అంతా ఆ వాసనే. స్వరూప బస్సు దిగి వచ్చింది. ఆ రోజు గురువారం, పళ్లెం బోర్లించి ఉంది. ఆయన కూతుర్ని చూసి లేచి నిలబడ్డాడు.

“గిట్లెందుకయినవు బిడ్డా?”

“పని ఎక్కువున్నది బాపూ.”

ఆయన ఇంకా ఏదో అడగబోయాడు. అంతలో సుభద్ర మేడం వచ్చింది. “మీ అమ్మాయి బంగారమండీ. సోమ, గురు, శుక్ర, శనివారాలు ఉపవాసం. రోజూ దీపం పెడుతుంది. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలు ఎక్కడుంటారండీ? మీరు బాగా పెంచారు.”

ఆయన ముఖం మారిపోయింది. మిల్లులో సంచులు మోసే మనిషికి, టీచరుగా చేసిన మనిషి నువ్వు బాగా పెంచావు అంటే ఎలా ఉంటుంది? అడగబోయిన మాట మింగేశాడు. “మా ఆమెకు చెప్త మేడం. సంతోషపడ్తది” అన్నాడు.

ఆ అన్నం ఆయనకే పెట్టాను. స్వరూప ఎదురుగా కూర్చుని తండ్రికి నెయ్యి వేసింది, పప్పు వేసింది. ఆయన ముద్ద కలుపుతున్నంతసేపు ఆ పిల్ల కళ్ళు ఆ పళ్లెంలోనే ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయన చూడలేదు. ఆయన అన్నం బాగుందా లేదా అని చూసుకుంటున్నాడు.

“మంచిగ ఒండినవక్కా” అని చెప్పి పోయాడు.

ఏమీ లేదు

ఎండాకాలం వచ్చింది. ఆ పిల్ల స్వెటరు వేసుకుని తిరిగింది. గాజులు మోచేతి దాకా ఎక్కాయి. బాత్రూము జాలీలో వెంట్రుకలు ఉండలు ఉండలుగా. ఇవన్నీ కళ్ళముందే ఉన్నాయి. ఎవరికీ పట్టలేదు. పట్టింది ఇంకొకటి.

బయట ఉన్న మూడు రోజులు మన ఆడపిల్లలు దీపం ముట్టరు. స్వరూప నెలలు గడుస్తున్నా ఒక్కరోజు కూడా దీపం మానలేదు. ముందు ఆమె గదిలోని పిల్లలు గుసగుసలాడుకున్నారు. తర్వాత సుభద్ర మేడం వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

“యాదమ్మా, స్వరూప దీపం మానగా ఎప్పుడైనా చూశావా?”

“లేదు మేడం.”

“అదే నా భయం.”

ఓనరుకు తెలిసింది. “ఎవడో కనుక్కోండ్రి ముందుగాల. పేపర్లకెక్కితె మన హాస్టల్ మూతవడ్తది” అన్నాడు. మేడం ఆ పిల్లను గదిలోకి పిలిచి, “ఎవరమ్మా వాడు?” అని అడిగింది. నేను గుమ్మం దగ్గరున్నాను. స్వరూపకు ముందు అర్థం కాలేదు. ఎవరు మేడం, ఎవరు అంటూ ఇద్దరి ముఖాలూ చూసింది. అర్థమయ్యాక స్వెటరు ముందుకు లాక్కుని నిలబడింది.

లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది మేడం. మేమంతా ఎదురుచూశాం. ఆటో దిగేటప్పుడు మేడం చేతిలో కొబ్బరికాయ ఉంది. “ఏమీ లేదు యాదమ్మా, ఏమీ లేదు. దేవుడు రక్షించాడు” అంది. డాక్టరు రక్తం తక్కువగా ఉందందట, పరీక్షలు చేయించమందట, టానిక్ రాసిందట. అదంతా మేడం చెప్పులు విప్పుతూ చెప్పింది. మెట్ల కింద కొబ్బరికాయ కొట్టి ముక్కలు పంచింది. మాధవి స్వరూప భుజం చుట్టూ చెయ్యి వేసి, “సారీ రా, ఏవేవో అనుకున్నాం” అని ఏడ్చింది. ఓనరు, “నేను ముందే చెప్పిన, భక్తిగల్ల పిల్ల” అన్నాడు. నా గుండె కూడా తేలికైంది, అబద్ధం ఎందుకు. స్వరూప కొబ్బరి ముక్క పిడికిట్లో పట్టుకుని నిలబడింది. తినలేదు. ఉపవాసం కదా.

ప్రేమ వ్యవహారం అయ్యుంటే హాస్టల్ హాస్టలంతా ఆ పిల్లను కాపలా కాసేది. తల్లిదండ్రులు ఉరికి వచ్చేవాళ్ళు. కడుపులో బిడ్డ లేదని తెలియగానే అందరూ ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ కడుపులో అన్నమైనా ఉందా అని అడిగినవాళ్ళు లేరు. మరి నెలసరి ఎందుకు ఆగింది అని కూడా అడగలేదు. రోజంతా రోగాల పేర్లే టైపు కొట్టే పిల్లలు ఒక గదినిండా ఉన్నారు, వాళ్ళూ అడగలేదు. పోయిన పరువు తిరిగొచ్చింది, అది చాలనుకున్నారు.

ఆ తర్వాత స్వరూప భోజనాల గదిలోకి రావడం మానేసింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి నీళ్ళు తాగి పోయేది.

శనివారం

ఆ శుక్రవారమే ఆఫీసు మెట్ల మీద పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిందన్నారు. తిండి లేక ఒంట్లో ఉప్పు పడిపోతే వయసు పిల్లల గుండె కూడా అలా ఆగుతుందని అక్కడి డాక్టరు సుభద్ర మేడానికి చెప్పాడు. మేడం తిరిగొచ్చి మెట్ల కింద పటాల ముందు కూర్చుండిపోయింది. దీపం వెలిగించలేదు.

వాళ్ళ నాన్న సామాను కోసం వచ్చాడు. బట్టల సంచి మేడం ఇచ్చింది. పళ్లెం నేను ఇచ్చాను. అది బోర్లించే ఉంది, నేనే తీసి తుడిచాను. దాని మీద చెక్కిన పేరును ఆయన బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

“ఆఖరికి ఏం తిన్నదక్కా?”

పెరుగన్నం తిన్నదని చెబుదామనుకున్నాను.

“మంచినీళ్ళు తాగింది అన్నా.”

తల ఊపాడు. చాలాసేపు ఊపాడు.

“మిల్లుల ఎలుకలు గూడ బలిసుంటయక్కా” అన్నాడు.

పళ్లెం తువ్వాలలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన తెచ్చిన బియ్యం ఇంకా డబ్బాలో సగం ఉన్నాయి.

మర్నాడు పొద్దున అరలో పళ్లేలన్నీ బోర్లించి ఉన్నాయి. దుఃఖంతో అందరూ మేం తినం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్కొక్క పళ్లెం తిప్పి నిలబెట్టాను. ఆ బియ్యమే కడిగి వండాను. “ఇయ్యాల ఎవ్వలు పస్తుండొద్దు. ముందుగాల ఎవలు నిలబడ్తరు?” అన్నాను. ఎవరూ కదల్లేదు. చివరికి మాధవి వచ్చి పళ్లెం పట్టింది. “నిండా పెట్టండి” అంది. తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తింది. ఆమె తింటుంటే వెనక అందరూ వచ్చారు. ఆ రోజు అన్నం మిగల్లేదు.

దినాలు కూడా కాలేదు. మళ్ళీ శుక్రవారం వచ్చేసరికి అరలో కొన్ని పళ్లేలు బోర్లపడి ఉన్నాయి. అందులో మాధవిది ఒకటి.

గరిటె పట్టేవాళ్ళకు

అర తీసేయమని నేను సుభద్ర మేడంతో అన్నాను. తీయకపోతే పని మానేస్తానన్నాను. ఓనరు ఒప్పుకోలేదు. మేడమే మేస్త్రీని పిలిపించి ఊడబీకించింది. ఆ మనిషి మళ్ళీ నా ముందు స్వరూప పేరు ఎత్తలేదు, ఏ పిల్లనూ చూపించి చూసి నేర్చుకోండి అనలేదు. ఆ తర్వాత ఒక్కపొద్దున్న పిల్ల నా దగ్గరికి వచ్చి, నా ఎదుట కూర్చుని, ఒక్కపొద్దు విడవాలి. ఉప్మాతోనో, అటుకులతోనో, పండుతోనో. మాధవి ఒక అరటిపండు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్న రోజులున్నాయి. నేను కూరగాయలు తరుగుతూ కూర్చునేదాన్ని. సగం తినేది. తర్వాత ఉద్యోగం మారి వెళ్ళిపోయింది. ఇప్పుడు తింటోందో లేదో తెలియదు.

మీరు చేయవలసింది చెబుతాను. లైన్లో రోజూ ఒకే పిల్లను ముందు నిలబెట్టకండి. ఎవరి పళ్లెం మీదా జోకు వేయకండి, వేయనీయకండి. బాగా తింటావే అని మెచ్చుకోకండి, అది కూడా దిష్టే. తిన్నావా అని అడగకండి, అందరూ తిన్నాననే అంటారు. ఒక్కపొద్దు దేనితో విడిచావు అని అడగండి. ఆలోచిస్తే విడవలేదన్నమాట. బలవంతం చేస్తే పాపం తగులుతుందంటే, ఆ పాపం నా లెక్కలో రాసుకొమ్మని దేవుడికి చెప్పు, ముద్ద మాత్రం మింగు అనండి. నాకు ఆ రోజు ఆ మాట రాలేదు. మీకు రావాలి. అయినా అన్నిసార్లూ పని చేస్తుందని చెప్పను. గరిటెతో అయ్యేది కొంతే. బయట బస్సులోనూ బల్లల దగ్గరా ఉన్న కళ్ళను మీరు మూయలేరు.

సుజాత నవ్వుతోంది. “ఇప్పుడు ఎవరు బోర్లిస్తరత్తా, పళ్లేలు మనమే ఇస్తం, అన్నీ ప్లాస్టిక్‌వి. పిల్లలు డైట్ అంటరు, ఒక్కపొద్దనరు” అంటోంది. పేరు మారింది, అంతేనే. ఆ మాట అన్నా ఎవరూ అడగరు కదా. నీ హాస్టల్లో అడిగే మనిషి ఒకరుండాలి. అందుకే నేను ఇదంతా చెప్పింది.

ఇగ చాలు. నా మాటలు నువ్వు ఎలా దిద్దినా నాకు ఫికర్ లేదు. స్వరూప మాట ఆ పిల్ల నోట్లోంచి వచ్చినట్టే ఉందో లేదో నేను వినాలి. మొదటి నుంచి చదువు సుజాతా. మెల్లగా చదువు.